అతికించే ముందు ఆగాలి

కొత్త పనిముట్టు ఒకటి కంప్యూటర్‌లోకి ఎక్కించాక దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని జవాబొస్తుంది. విండోస్ అదే సంగతిని కాస్త సాగదీసి, ఇది లోపలి కమాండూ కాదు, బయటి కమాండూ కాదు అంటుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే వారిలో దీన్ని చూడనివారు ఉండరు. లోపం చిన్నది. ఏ ప్రత్యేక అధికారమూ అక్కర్లేకుండా కాసేపట్లో సరిదిద్దుకోదగ్గది. దాన్ని సరిచేసుకునే తొందరలో మన పిల్లలు చేస్తున్న పనులే చిన్నవి కావు. ఎవరో రాసిపెట్టిన వాక్యాన్ని కాపీ చేసి, దాని ముందు పూర్తి అధికారంతో నడపమనే ‘సుడో’ అన్న మాట తగిలించి, అడిగిందే తడవుగా పాస్‌వర్డ్ ఇచ్చేస్తున్నారు. యంత్రం మొత్తాన్నీ ముక్కూమొహం తెలియనివారి చేతిలో పెట్టే ఈ అలవాటుకు తరగతి గదిలోనే అడ్డుకట్ట పడాలి.

అద్దంకి లాంటి ఊళ్లలో ఈ ముప్పు మరింత దగ్గరిది. పత్తి, మిరప పండించే కుటుంబాల నుంచి ఏటా ఎంతోమంది ఒంగోలు, చీరాల, బాపట్ల, గుంటూరు కళాశాలల్లో ఇంజనీరింగ్‌లో చేరుతున్నారు. 2020లో కొవిడ్ తరిమితే ఊరికి చేరి, మిద్దె మీద గదిలో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీల పని చేసినవారినీ ఈ ప్రాంతం చూసింది. ఇలాంటి ఇళ్లలో చాలాచోట్ల ఉండేది ఒకటే ల్యాప్‌టాప్. కొడుకు కోడింగ్ నేర్చుకునేది దాని మీదే. తండ్రి పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, అక్క ఉద్యోగ దరఖాస్తులు దాని మీదే. బ్యాంకు పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ గుర్తుపెట్టుకునేదీ దాని మీదే. పెద్ద కంపెనీకి భద్రతా విభాగం ఉంటుంది, ఏదైనా జరిగితే గంట మోగుతుంది. ఈ ఇంట్లో గంట మోగేది ఖాతాలో డబ్బు పోయాకే.

అసలు ఆ సందేశానికి అర్థమేమిటో ముందు తెలియాలి. మనం ఒక పేరు కొట్టగానే కంప్యూటర్ డిస్కంతా గాలించదు. కొన్ని ఫోల్డర్ల జాబితా దాని దగ్గరుంటుంది. దాన్ని ‘పాత్’ అంటారు. ఆ జాబితాలోని ఫోల్డర్లను వరస తప్పకుండా చూసుకుంటూ పోతుంది. ఆ పేరున్న ఫైలు మొదట ఎక్కడ కనిపిస్తే దాన్నే నడుపుతుంది. జాబితా అయిపోయినా కనిపించకపోతే దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. అంతే. పనిముట్టు పాడైందనీ, కంప్యూటర్ చెడిపోయిందనీ ఆ సందేశం చెప్పడం లేదు.

కారణాలు కూడా మామూలువే. ఏ ప్రాజెక్టులోనైనా వాడుకునేలా పనిముట్టును ‘గ్లోబల్’గా పెట్టినప్పుడు అది వెళ్లి చేరిన ఫోల్డర్ పాత్‌లో ఉండకపోవచ్చు. పాత్‌ను మార్చినా పాత టెర్మినల్ కిటికీలోనే మళ్లీ ప్రయత్నిస్తుండవచ్చు. ఆపిల్ 2019లో కాటలీనాతో మాక్‌లో కమాండ్లను అందుకునే షెల్‌గా బాష్‌కు బదులు జెడ్‌షెల్‌ను మొదటి ఎంపిక చేసింది. అది తెలియక పాత బాష్ ఫైల్లో వాక్యం రాసుకుని ఎదురుచూసేవారు ఇప్పటికీ ఉన్నారు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌కు వెర్షన్ నిర్వాహకమైన ఎన్‌వీఎం వాడేవారు వెర్షన్ మార్చితే, పాత వెర్షన్ కింద పెట్టుకున్న గ్లోబల్ పనిముట్లు కొత్తదానికి కనిపించవు. అసలు ఇన్‌స్టాలేషనే మధ్యలో అనుమతి లేదని ఆగిపోయి ఉండవచ్చు. ఆ ఎర్ర అక్షరాలను చదవకుండా కిందికి జరుపుకుంటూ పోయేవారే ఎక్కువ. వీటిలో ఒక్కదానికైనా యంత్రం తాళాలన్నీ తీయాల్సిన పని లేదు.

అయినా మొదట చెయ్యి పోయేది సుడో మీదికే. లినక్స్‌లో సిస్టమ్‌తో వచ్చిన నోడ్ తన గ్లోబల్ పనిముట్లను సాధారణంగా సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టబోతుంది. మామూలు వాడకందారుకు అక్కడ రాసే హక్కు ఉండదు కాబట్టి అనుమతి లేదంటుంది. సుడో తగిలిస్తే గొడవ లేకుండా పని జరిగిపోతుంది. ఆ గొడవే మనకు రక్షణ అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నోడ్ పనిముట్లను దించే ఎన్‌పీఎం తెచ్చే ప్యాకేజీలు దిగుతున్నప్పుడే తమ స్క్రిప్టులను నడుపుకోగలవు. సుడోతో సిస్టమ్ ఫోల్డర్లోకి దించితే ఆ స్క్రిప్టులకు యంత్రం మీద పూర్తి అధికారం దక్కే వీలుంటుంది. పైగా ఇంటి ఫోల్డర్లో ఉండే ఎన్‌పీఎం కాష్‌లో కొన్ని ఫైళ్లు సర్వాధికారి ఖాతా అయిన రూట్ పేరు మీదికి మారిపోవచ్చు. అలా మారితే ఆ తర్వాత ప్రతి పనికీ అనుమతి లేదనే జవాబే వస్తుంది, ప్రతిదానికీ మళ్లీ సుడో కావలసి వస్తుంది. ఒకసారి మొదలైన అలవాటు ఇలా తనను తాను పెంచుకుంటుంది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోయినా నష్టం జరగవచ్చు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఎన్‌పీఎం 5.7.0లో ఒక లోపం ఉంది. దాన్ని సుడోతో నడిపినవారి యంత్రాల్లో కీలకమైన సిస్టమ్ ఫోల్డర్ల యాజమాన్యం మారిపోయింది. కొందరు సర్వర్లను మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. వెంటనే 5.7.1తో లోపాన్ని సరిచేశారు. సుడో లేకుండా నడిపినవారికి ఈ బెడదే లేదు.

పైథాన్ వైపు కథా ఇదే. సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా ప్యాకేజీలు దించడాన్ని 2023లో వచ్చిన డెబియన్ 12 అడ్డుకుంటుంది. కాదు, దించితీరాలి అనేవారికి ఒక మినహాయింపు మాట కూడా ఉంది. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అన్నది ఆ మాట. సిస్టమ్‌ను పాడుచేసుకోవడానికి సిద్ధమేనా అని అంత బాహాటంగా అడుగుతున్నా దాన్నే కాపీ చేసి అతికించేవారు కోకొల్లలు. ఫోల్డర్ అనుమతులన్నీ 777 చేసేయమనే సలహా కూడా ఈ కోవలోదే. ఆ మూడంకెలతో యంత్రంలోని ప్రతి వాడకందారూ, ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైళ్లను తిరగరాయవచ్చు. విండోస్‌లో ‘సెట్‌ఎక్స్’తో పాత్‌కు కొత్త ఫోల్డర్ జోడించమనే చిట్కా ఇంకొకటి. ఆ కమాండు 1024 అక్షరాల దగ్గర మిగతాది కోసేస్తుంది. ఒక పనిముట్టు కోసం వెళితే అప్పటిదాకా పనిచేస్తున్న మరో నాలుగు మాయమవుతాయి.

రెండో తప్పు పేరు దగ్గర జరుగుతుంది. కమాండు పేరూ, ప్యాకేజీ పేరూ ఒకటే కావాలని లేదు. ఆంగ్యులర్ కమాండు ‘ఎన్‌జీ’, కానీ దించుకోవలసిన ప్యాకేజీ పేరు వేరు. టైప్‌స్క్రిప్ట్ కమాండు ‘టీఎస్‌సీ’. అది దొరకలేదని అదే పేరుతో ఎన్‌పీఎంలో వెతికి దించితే వచ్చేది వేరొకరి పాత ప్యాకేజీ. మీరు వెతుకుతున్నది నేను కాదని అది మర్యాదగా చెబుతుంది. అన్నీ అంత మర్యాదస్తులవి కావు. ‘క్రాస్-ఎన్వ్’ అనే పేరున్న ప్యాకేజీకి మధ్య గీత తీసేసి అదే పేరుతో దొంగది ఒకటి పెట్టిన సంగతి 2017 ఆగస్టులో బయటపడింది. పొరపాటున దాన్ని దించుకున్నవారి యంత్రంలోని ఎన్విరాన్‌మెంట్ విలువలను, అంటే డెవలపర్లు రహస్య తాళాలు దాచుకునే చోట ఉన్నవాటిని, అది బయటికి పంపేది.

ఇప్పుడు పేరు చెప్పే పని కృత్రిమ మేధకు అప్పగించాం. అది లేని ప్యాకేజీని కూడా ఉన్నట్టే ధీమాగా చెప్పగలదు. ‘హగ్గింగ్‌ఫేస్-సీఎల్‌ఐ’ అనే పేరును చాట్‌బాట్‌లు పదే పదే కల్పించడం గమనించిన భద్రతా పరిశోధకుడు బార్ లన్యాడో ఆ పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ పెట్టి చూశారు. మూడు నెలల్లో 30 వేలకు పైగా డౌన్‌లోడ్లు జరిగాయి. ఆ సంగతి 2024లో ఆయన బయటపెట్టారు. అది ఖాళీది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అదే పని దొంగ చేసి ఉంటే?

కంప్యూటర్ తానే ఇచ్చే సలహానూ కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. కమాండు దొరకనప్పుడు ఫలానా ప్యాకేజీ దించుకోండని ఉబుంటు సూచిస్తుంది. ఆ సూచనల్లోకి దొంగ స్నాప్ ప్యాకేజీలను జొప్పించవచ్చని ఆక్వా సంస్థ పరిశోధకులు 2024 ఫిబ్రవరిలో హెచ్చరించారు. ఉబుంటులోని ఏపీటీ ప్యాకేజీలతో ముడిపడిన కమాండ్లలో 26 శాతం దాకా పేర్లను ఇలా ఆక్రమించే వీలుందని వారు లెక్కగట్టారు. లోపాన్ని చెప్పే సందేశమే ఎరగా మారగలదన్నమాట.

మూడో తప్పు, స్క్రిప్టును నేరుగా నెట్ నుంచి తెచ్చి అక్కడికక్కడే బాష్‌కు అందించే ఒంటి వాక్యం. పేరున్న పనిముట్లు కొన్ని తమ అధికారిక సూచనల్లోనే ఇలాంటి వాక్యం ఇస్తాయి కాబట్టి దీన్ని పూర్తిగా నిషేధించమనడం ఆచరణకు నిలవదు. కానీ 2021లో కోడ్‌కోవ్ అనే సంస్థకు జరిగింది గుర్తుంచుకోవాలి. వేలాది కంపెనీలు వాడే దాని బాష్ స్క్రిప్టును జనవరి 31 నుంచి దుండగులు మార్చుతూ వచ్చారు. రెండు నెలలు ఎవరూ పసిగట్టలేదు. ఏప్రిల్ 1న ఒక వినియోగదారు, దిగిన ఫైలు మారిందో లేదో తేల్చే చెక్‌సమ్‌నూ సంస్థ ప్రకటించిన చెక్‌సమ్‌నూ పోల్చి చూస్తే తేడా కనిపించింది. గుట్టు రట్టు చేసింది పెద్ద పెద్ద భద్రతా యంత్రాంగాలేవీ కావు, ఒక మనిషి ఆగి సరిచూసుకోవడం. దిగిన ఫైలును ముందు దాచుకుని, తెరిచి చూసి, ఆ తర్వాత నడపడానికి పట్టే సమయం చాలా కొద్ది. ఇక 2024 నుంచి పెచ్చుమీరిన ‘క్లిక్‌ఫిక్స్’ మోసం ఈ తొందరనే పెట్టుబడిగా పెట్టుకుంది. తెర మీద ఏదో లోపం చూపించి, విండోస్ మీటతో ఆర్ నొక్కి, ఇది అతికించి, ఎంటర్ కొడితే సరిపోతుందంటుంది. అతికించడం అలవాటైన చేతికి అది అనుమానం కలిగించదు.

అసలు పేరే, అసలు చోటే అయినా నిశ్చింత లేదని 2025 తేల్చి చెప్పింది. ఆగస్టు 26న ‘ఎన్‌ఎక్స్’ అనే ప్రఖ్యాత పనిముట్టు దొంగ వెర్షన్లు కొన్ని గంటలపాటు ఎన్‌పీఎంలో ఉన్నాయి. దించుకున్నవారి తాళాలను, క్రిప్టో ఖాతాల ఆనవాళ్లను వెతకడానికి అవి ఆ యంత్రంలోని ఏఐ సహాయకులనే వాడుకున్నాయి. దొరికినవాటిని బాధితుల గిట్‌హబ్ ఖాతాల్లోనే బహిరంగంగా పెట్టాయి. టెర్మినల్ తెరవగానే యంత్రాన్ని ఆపేసే ఆదేశాన్ని బాష్, జెడ్‌షెల్ ఆరంభ ఫైళ్లలో రాసిపెట్టాయి. పాత్‌ను సరిచేయడానికి మనం తెరిచే ఫైళ్లు సరిగ్గా ఇవే. లోపల ఏముందో చదవకుండా, అడుగున ఒక వాక్యం చేర్చి మూసేసే అలవాటున్నవారికి దొంగ రాసిన వాక్యం కళ్లెదుటే ఉన్నా కనిపించదు. మరో రెండు వారాలకే, సెప్టెంబరు 8న, చాక్, డీబగ్ సహా 18 ప్యాకేజీలు దుండగుల పాలయ్యాయి. వాటన్నిటినీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా సార్లు దించుకుంటారు. నిర్వాహకుడికి నకిలీ ఈమెయిల్ పంపి ఖాతాను కాజేయడంతో అంత పనీ జరిగిపోయింది. అదే నెలలో ‘షై-హులూద్’ అనే పురుగు ఒక ప్యాకేజీ నుంచి మరో ప్యాకేజీకి తనంతట తానే పాకి వందలాది ప్యాకేజీలను చెడగొట్టింది.

మిరప విత్తనం కొనేటప్పుడు అద్దంకి రైతు ప్యాకెట్ మీద కంపెనీ పేరు చూస్తాడు, లాట్ నంబరు చూస్తాడు, గడువు తేదీ చూస్తాడు, బిల్లు అడిగి జేబులో పెట్టుకుంటాడు. బిల్లు లేని విత్తనం మొలిచినా కాపు దాకా నమ్మకం లేదని, నష్టపోతే అడగడానికి ఆధారమూ ఉండదని ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అదే ఇంటి బిడ్డ ప్యాకేజీ దించేటప్పుడు ప్రచురించింది ఎవరు, ఎన్నాళ్లుగా ఉంది, అధికారిక పత్రాల్లో ఉన్న పేరు ఇదేనా అన్న మూడు ప్రశ్నలు వేసుకోకపోవడం విచిత్రం. పొలం దగ్గర చూపే జాగ్రత్త ల్యాప్‌టాప్ దగ్గర ఎందుకు లేదంటే, చెప్పినవారు లేరు కనుక.

ఏళ్ల తరబడి సుడోతోనే నెట్టుకొస్తున్నాం, మాకేమీ కాలేదు కదా అనేవారుంటారు. నిజమే, చాలామందికి ఏమీ కాదు. కానీ దెబ్బ తగిలిన రోజున అది ఎంత లోతుకు దిగుతుందన్నది మనం ముందే ఇచ్చేసిన అధికారాన్ని బట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనికి ఒక ఖాతా, చదువుకు ఒక ఖాతా పెట్టుకోమని పెద్దలు చెప్పేది మంచి మాట. ఆ రెండు ఖాతాల మధ్య గోడ సుడో లేనంతవరకే నిలబడుతుంది.

సరైన దారి కష్టమైనది కాదు. ముందు ఎర్ర అక్షరాలు పూర్తిగా చదవాలి. ఇన్‌స్టాలేషన్ ముగిసిందో లేదో తేల్చుకోవాలి. కమాండు అసలు పేరేమిటో అధికారిక పత్రాల్లో చూడాలి. ‘ఎన్‌పీఎం ప్రిఫిక్స్ -జీ’ అని అడిగితే గ్లోబల్ పనిముట్లు ఎక్కడున్నాయో అదే చెబుతుంది. లినక్స్‌లోనూ మాక్‌లోనూ ఆ చోటులోని ‘బిన్’ ఫోల్డర్‌ను పాత్ జాబితాలో చేర్చాలి. వీలైనంతవరకు జాబితా చివరే చేర్చాలి. ముందు చేర్చితే ఆ ఫోల్డర్లోకి ఎవరైనా చొప్పించిన నకిలీ కమాండు అసలు దాన్ని పక్కకు నెట్టేస్తుంది. విండోస్‌లో సెట్టింగ్స్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ తెరిచి, యూజర్ విభాగంలో మాత్రమే ఆ చోటును జోడించాలి. తర్వాత కొత్త టెర్మినల్ తెరిచి ‘విచ్’ అనో, విండోస్‌లో ‘వేర్’ అనో అడిగితే నడవబోయేది ఎక్కడి ఫైలో తెలుస్తుంది. అనుమతి సమస్య మళ్లీ మళ్లీ వస్తుంటే నోడ్‌ను ఎన్‌వీఎం లాంటి వెర్షన్ నిర్వాహకంతో సొంత ఫోల్డర్లో పెట్టుకోవడమో, ప్రిఫిక్స్‌ను ఇంటి ఫోల్డర్‌కు మార్చుకోవడమో చేయాలి. ఎన్‌పీఎం సొంత పత్రాలు చెప్పేదీ ఇదే. పైథాన్ పనిముట్లకు పిప్ఎక్స్ ఉంది. దిగే ప్యాకేజీల స్క్రిప్టులను వాటంతట అవి నడవనివ్వని పీఎన్‌పీఎం 10 కూడా 2025 జనవరి నుంచి అందుబాటులో ఉంది. ఇంతకీ ఆ పనిముట్టు గ్లోబల్‌గా ఉండి తీరాలా అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు రావాలి. చాలావాటికి ఆ ప్రాజెక్టు ఫోల్డర్లో ఉంటే చాలు.

ఈ భారమంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. పాత్ అంటే ఏమిటో, అనుమతులంటే ఏమిటో చెప్పకుండా నేరుగా రియాక్ట్‌తో మొదలుపెట్టే శిక్షణ కేంద్రాలు ఈ తప్పులో భాగస్వాములు. కళాశాలలు మొదటి సెమిస్టర్ ల్యాబులోనే ఒక వారం దీనికి కేటాయించాలి. విద్యార్థి ఖాతాలకు అడ్మిన్ హక్కులు తీసేయాలి. ఇన్‌స్టాల్ చేసిన ఫైలు ఎక్కడుందో చూపించమని వైవాలో అడగాలి. తెలుగులో పాఠాల వీడియోలు చేసేవారు వివరణలో కమాండు పెట్టి వదిలేయకుండా అందులోని ప్రతి ముక్కా ఏం చేస్తుందో చెప్పాలి, సుడోను ఆఖరి మందుగానైనా సూచించకూడదు. రాష్ట్ర నైపుణ్య శిక్షణ కార్యక్రమాలు ఉద్యోగాల లెక్కతో పాటు ఈ కనీస జాగ్రత్తనూ పాఠ్యాంశం చేయాలి. తెలుగు రాష్ట్రాల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలకు ఊళ్లలోని విద్యార్థులతో సంబంధాలున్నాయి. తేట తెలుగులో ఒక పది పుటల కరదీపిక తెచ్చే సత్తా వాటికుంది. కంపెనీలు కొత్తగా చేరినవారికి మొదటి రోజు ఇచ్చే ల్యాప్‌టాప్‌తో పాటు, పనిముట్లను ఎక్కడి నుంచి ఎలా దించుకోవాలో రాతపూర్వకంగా ఇవ్వాలి.

పొరపాటు ఇప్పటికే జరిగిపోయిందన్న అనుమానం ఉంటే దాచుకోవడం రెండో పొరపాటు. వెంటనే యంత్రాన్ని నెట్ నుంచి విడదీయాలి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి, గిట్‌హబ్, క్లౌడ్ తాళాలను రద్దు చేయాలి. డబ్బు పోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పాలి. ఇలాంటి ఘటనలు తెలిసిన ఆరు గంటల్లోగా కంపెనీలు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఉద్యోగం పోతుందేమోనని భయపడి ఉద్యోగి నోరు మెదపకపోతే ఆ ఆరు గంటలూ దొంగకే మిగులుతాయి. నిజం చెప్పినవారిని శిక్షించబోమన్న హామీ యాజమాన్యాల నుంచి ముందే రావాలి.

ఒంగోలు నుంచి గుంటూరు దాకా ఈ కళాశాలల్లో చదివిన పిల్లలు రేపు బ్యాంకుల, ఆసుపత్రుల, ప్రభుత్వ శాఖల సర్వర్లను నిర్వహించబోయేవారు. ఇంటి ల్యాప్‌టాప్ మీద ఈరోజు పడిన అలవాటే రేపు లక్షల మంది వివరాలున్న యంత్రాల మీదా వారి చేతికి వస్తుంది. అక్కడ చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి ల్యాబు తరగతిలోనే, అర్థం కాని కమాండును అతికించకూడదన్న నియమాన్ని ప్రతి కళాశాలా, ప్రతి శిక్షణ కేంద్రమూ అమల్లో పెట్టాలి.